తుపాను గురించి రాసి చెప్పాలంటే: నాలుగు దారుల్లో ఏది మేలు?

వ్యాసం రాయమనగానే మనలో చాలామంది చెయ్యి తనంతట తానే "ఫలానాది అనగా" అని మొదలుపెడుతుంది. బళ్లో పడిన అలవాటు, ఓ పట్టాన వదలదు. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ముగింపు అని మూడు గళ్లు గీసుకుని నింపుకుంటూ పోవడం కూడా అక్కడ నేర్చుకున్నదే. వివరణ వ్యాసానికి నిజానికి ఉన్న పని ఒక్కటే. కథలా ఉత్కంఠ పెంచక్కర్లేదు, వాదనలా ఎవరినీ ఒప్పించక్కర్లేదు. తెలియని మనిషికి విషయం తెలియాలి. చదివినవాడు పేపరు పక్కన పెట్టేసి, అదే సంగతి సొంత మాటల్లో ఇంకొకరికి చెప్పగలగాలి.

అక్కడికి వెళ్లడానికి ముఖ్యంగా నాలుగు దారులున్నాయి: నిర్వచనం, క్రమం, కారణం, పోలిక. వీటిలో ఏది మేలో ఊరికే చెబితే తేలదు. ఒకే విషయాన్ని నాలుగు రకాలుగా రాసి చూస్తే తేలుతుంది. అందుకు తుపానును తీసుకుందాం. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే అల్పపీడనం, వాయుగుండం అన్న మాటలు టీవీలో రోజూ వినబడతాయి. ఆ రెండింటికీ తేడా చెప్పమంటే మాత్రం చాలామందిమి నసుగుతాం. అంటే విషయం సగం తెలిసినదే. వివరణ రాయడం సాధన చేయడానికి అలాంటివే మంచివి.

మొదట నిర్వచనం. "సముద్రం మీద ఏర్పడిన అల్పపీడనం చుట్టూ గాలులు సుడి తిరుగుతూ, వాటి వేగం గంటకు 62 కిలోమీటర్లకు చేరితే దాన్ని తుపాను అంటారు." తప్పేమీ లేదు. రెండు మార్కుల ప్రశ్నకు ఇదే జవాబు. కానీ తుపాను గురించి ఏమీ తెలియని మనిషి దీన్ని చదివితే? అల్పపీడనం అంటే ఏమిటి, అక్కడ పీడనం ఎందుకు తగ్గింది, గాలి తిన్నగా వీచకుండా సుడి ఎందుకు తిరిగింది, 60 కాకుండా ఈ 62 ఏమిటి? (ఆ గీతను ఓడల వేగం కొలిచే "నాట్" లెక్కలో, 34 నాట్ల దగ్గర గీశారు. కిలోమీటర్లలోకి మార్చేసరికి రౌండ్ ఫిగర్ కాకుండా పోయింది.) నిర్వచనంలో చిక్కే ఇది. విషయం ముందే తెలిసినవాడికి అది చక్కగా అమరినట్టు కనిపిస్తుంది, తెలియనివాడికి ఒక్క వాక్యంలోనే నాలుగు కొత్త ప్రశ్నలు పెడుతుంది.

అలాగని దాన్ని తీసి పారేయలేం. ఒక మాటకు హద్దులు ఎక్కడన్నదే గొడవైనప్పుడు నిర్వచనంతో మొదలుపెట్టక తప్పదు. రైతులకిచ్చే ఏదైనా సాయం గురించి రాస్తున్నారనుకోండి. రైతంటే పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాడా, పొలం దున్నే కౌలుదారా అన్నది తేల్చకుండా రెండో వాక్యం రాయలేరు. తుపాను విషయంలో ఆ గొడవ లేదు కాబట్టి నిర్వచనం మూడో పేరాలో వచ్చినా సరిపోతుంది. అప్పటికి చదివేవాడు దానికి సిద్ధంగా ఉంటాడు.

ఇక క్రమం. "ముందు సముద్రం మీద అల్పపీడనం ఏర్పడుతుంది. దాని చుట్టూ గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం. 50కి చేరితే తీవ్ర వాయుగుండం. 62కి చేరితే తుపాను, అప్పుడు దానికో పేరు పెడతారు. 89 అయితే తీవ్ర తుపాను, 118 అయితే అతి తీవ్ర తుపాను." భారత వాతావరణ శాఖ వాడే మెట్లు ఇవే. ఇలా రాస్తే చదివేవాడికి వెంటనే ఒక లాభం ఉంటుంది. రేపు పేపర్లో "వాయుగుండం తీవ్ర వాయుగుండంగా మారింది" అని కనబడితే, ఏ మెట్టు మీద ఉన్నామో, పై మెట్టు ఏదో తెలిసిపోతుంది. కొత్తగా రాయడం మొదలుపెట్టేవారికి నేను ముందు ఇదే చెబుతాను. మొదట ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది అని రాసుకుంటూ పోతే దారి తప్పే అవకాశం తక్కువ.

కానీ క్రమంలో ఒక అబద్ధం చల్లగా దాక్కుంటుంది. మెట్లు వరసగా పేర్చగానే ప్రతి అల్పపీడనం చివరికి తుపానై తీరుతుందేమో అనిపిస్తుంది. నిజానికి చాలా అల్పపీడనాలు నాలుగు వానలు కురిపించి బలహీనపడిపోతాయి. "తర్వాత" అన్న మాట "అందువల్ల" అన్నట్టు వినబడుతుంది. రాసేవాడు అలా అనకపోయినా చదివేవాడు అలాగే తీసుకుంటాడు. వంటకం చేసే తీరు, ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపే తీరు లాంటి వాటికి ఈ బెడద లేదు, ఎందుకంటే అక్కడ మెట్లు నిజంగానే ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ప్రకృతి గురించో, ధరల గురించో, చరిత్ర గురించో రాసేటప్పుడే జాగ్రత్త కావాలి.

ఆ లోటు తీర్చేది కారణం. నాలుగింటిలో కష్టమైనది ఇదే, నా ఓటూ దీనికే. కాస్త వివరంగా చూద్దాం.

సముద్రపు పైనీరు దాదాపు 26.5 డిగ్రీల సెల్సియస్, అంతకు మించి వెచ్చగా ఉంటే అక్కడి నుంచి తేమ బాగా పైకి లేస్తుంది. పైన చల్లబడి, ఆవిరి మళ్లీ నీటి బొట్లుగా మారుతుంది. అలా మారేటప్పుడు వేడిని వదులుతుంది. (ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి తగిలి చెయ్యి చురుక్కుమనేది కూడా ఈ వేడి వల్లే.) ఆ వేడికి చుట్టూ ఉన్న గాలి తేలికై ఇంకా పైకి పోతుంది. కింద పీడనం ఇంకాస్త తగ్గుతుంది. ఆ ఖాళీలోకి చుట్టుపక్కల నుంచి తేమగాలి వచ్చి చేరుతుంది, మళ్లీ పైకి లేస్తుంది. అంటే తుపాను తన మేత తానే లాక్కుంటుంది. భూమి తిరుగుతూ ఉండటం వల్ల లోపలికి వచ్చే గాలి తిన్నగా రాక పక్కకు ఒరుగుతుంది. అందుకే మన వైపు, అంటే ఉత్తరార్ధగోళంలో, తుపాను గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. భూమధ్యరేఖకు మరీ దగ్గరలో ఆ ఒరుగు చాలదు, కాబట్టి అక్కడ తుపాన్లు దాదాపు పుట్టవు. పై ఎత్తున వీచే గాలులు కింది గాలులకు పొంతన లేకుండా ఉంటే ఎదుగుతున్న సుడి చెదిరిపోతుంది. తీరం దాటాక సముద్రపు తేమ అందదు, నేల రాపిడీ ఎక్కువ, కాబట్టి నీరసిస్తుంది.

ఇక్కడ చూడండి, క్రమం దాచిన సంగతి దానంతటదే బయటపడింది. అన్ని అల్పపీడనాలూ తుపాన్లు ఎందుకు కావో వేరే చెప్పాల్సిన పని లేకుండానే తెలిసింది. కారణాల దారిలో ఉన్న గొప్ప ఇదే: ఒక ప్రశ్నకు జవాబిస్తే, అడగని మరో మూడు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది. నష్టం కూడా ఉంది. రాసేవాడికి విషయం తెలియకపోతే మొదటి పేరాలోనే దొరికిపోతాడు. నిర్వచనాన్ని పాఠ్యపుస్తకం నుంచి దించేయొచ్చు, మెట్లను బట్టీ పట్టొచ్చు. "ఎందుకు" అన్నచోట ఆ వేషాలు సాగవు.

అందుకే కొందరు అడ్డదారి వెతుకుతారు. "భూతాపం వల్ల తుపాన్లు వస్తున్నాయి" అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకుంటారు. మచిలీపట్నాన్ని ముంచేసి వేలమందిని పొట్టన పెట్టుకున్న ఉప్పెన 1864లో వచ్చింది, అప్పటికి ఈ చర్చే లేదు. సముద్రం వేడెక్కితే తుపానుకు మేత పెరుగుతుంది అన్నది ఒక మాట, తుపాను పుట్టడానికి అదే కారణం అన్నది ఇంకో మాట. వివరణ రాసేవాడు ఈ రెండింటినీ వేరువేరు వాక్యాల్లో పెట్టాలి. పెట్టలేకపోతే ఆ పేరా ఇంకా తయారు కానట్టే.

నాలుగోది పోలిక. 1977 నవంబరు 19 నాటి దివిసీమ తుపాను, 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్, రెంటినీ పక్కపక్కన పెడదాం. రెండూ చాలా బలమైనవే. దివిసీమలో వేలమంది పోయారు. హుద్‌హుద్‌లో నగరమంతా చెట్లూ కరెంటు స్తంభాలూ కూలినా, ప్రాణనష్టం దానితో పోల్చలేనంత తక్కువ. తేడా ఎక్కడొచ్చింది? దివిసీమలో చంపింది ప్రధానంగా నీరు. నేల పల్లం, తీరం చదును, ఉప్పెన ఊళ్ల మీద పడింది. విశాఖలో నేల ఎత్తు, కొండలున్నాయి, అక్కడ దెబ్బ తీసింది ఎక్కువగా గాలి. పైగా 2014 నాటికి ఉపగ్రహాలు, రాడార్ల వల్ల హెచ్చరిక ముందే అందింది, లక్షల మందిని ముందుగానే తరలించారు. గాలి వేగం ఒక్కటే చూసి తుపాను ప్రమాదాన్ని అంచనా వేయకూడదన్న సంగతి ఈ పోలికలో తెలిసినంత బాగా మరెక్కడా తెలియదు.

పోలిక రాసేవారు ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. దివిసీమ గురించి ఒక పేరా, విశాఖ గురించి ఒక పేరా రాసేసి, "ఈ విధంగా రెండింటికీ తేడాలున్నాయి" అని ఆపేస్తారు. అక్కడ పోల్చే పని చదివేవాడి నెత్తిన పడింది. నేల, నీరు, హెచ్చరిక అని ముందు కొలతలు ఎంచుకుని, ఒక్కో కొలత దగ్గర ఇద్దరినీ నిలబెట్టాలి. రెండూ తెలియని విషయాలైతే పోలిక జోలికి పోకపోవడమే మంచిది.

ఇంతకీ ఏది మేలు? చదివేవాడు ఏం అడుగుతున్నాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లలకైతే క్రమాన్ని వెన్నెముకగా పెట్టుకుని, మెట్టు మారే ప్రతిచోటా ఒక్కో "ఎందుకు" చేరిస్తే చాలు. పేపరుకో పత్రికకో రాస్తుంటే కారణంతో మొదలుపెట్టి, మధ్యలో ఒక్క పోలిక తీసుకురండి. మత్స్యకారుల కోసం రాస్తుంటే ఈ నాలుగూ పక్కన పెట్టాల్సి రావచ్చు. సముద్రం సంగతి వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. రేవులో ఎగరేసే హెచ్చరికల్లో ఒకటో నంబరుకూ పదో నంబరుకూ మధ్య అర్థం ఎలా మారుతుందో, ఏ నంబరుకు ఏం చేయాలో చెబితే చాలు.

సాధన గురించి కూడా ఒక మాట, ఎందుకంటే అక్కడా దారులున్నాయి. నమూనా వ్యాసాలు బట్టీ పట్టడం మనకు బాగా అలవాటైన దారి. పరీక్షకు రెండు రోజుల ముందు టెన్షన్ తగ్గించడానికి తప్ప దేనికీ పనికిరాదు. ప్రశ్న కాస్త పక్కకు జరిగితే చాలు, చేతులెత్తేస్తాం.

నోటితో చెప్పి తర్వాత రాయడం రెండో దారి, ఖర్చు లేనిది. ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి తుపాను గురించి చెప్పండి. "ఆగు, పీడనం అంటే?" అని వాళ్లు ఎక్కడ ఆపితే, మీ వ్యాసంలో అక్కడ ఒక వాక్యం తక్కువైనట్టు. ఒక్కటే లోపం: మాట్లాడేటప్పుడు సగం పని చేతులే చేసేస్తాయి. సుడి ఎటు తిరుగుతుందో వేలితో గాల్లో చూపిస్తాం. కాగితం మీద ఆ వేలు ఉండదు కాబట్టి "గడియారం ముల్లుకు ఎదురు దిశలో" అని రాసి తీరాలి.

మూడోది అమెరికా రచయిత, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రతనంలో చేసిన సాధన. నచ్చిన పత్రికా వ్యాసం తీసుకుని ఒక్కో వాక్యానికి చిన్న గుర్తు రాసుకునేవాడు. కొన్నాళ్లు పక్కన పెట్టి, ఆ గుర్తులు చూసి వ్యాసాన్ని సొంతంగా మళ్లీ రాసి, అసలుదానితో సరిచూసుకునేవాడు. ఒక్కోసారి గుర్తులన్నీ కలిపేసి, వరస తానే తిరిగి పేర్చుకునేవాడు. వివరణ నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. ఏది ముందు, ఏది వెనక అన్నదే ఇందులో అసలు విద్య, ఆ కలపడం పరీక్షించేది సరిగ్గా దాన్నే. కారణాల పేరాను పది చీటీలుగా చించి, కలిపేసి, రెండు వారాల తర్వాత పేర్చి చూడండి. సరిగ్గా రాసిన పేరా అయితే చీటీలు ఒకే వరసలో కూర్చుంటాయి. ఎలా పేర్చినా బాగానే ఉందనిపిస్తే, ఆ వాక్యాల మధ్య లంకె లేనట్టు.

పరీక్షలో లెక్క కొంచెం మారుతుంది. గ్రూప్-1 మెయిన్స్ వ్యాసాల పేపరులో మూడు గంటల్లో మూడు వ్యాసాలు ముగించాలి, దిద్దేవారి ముందు కట్టలకు కట్టలు ఉంటాయి. అక్కడ రెండు పంక్తుల నిర్వచనం ముందే పెట్టేయండి, నష్టం లేదు. ఆ తర్వాత మాత్రం నేరుగా కారణాల్లోకి దిగండి.

సాధనకు తుపాను తర్వాత ఏది తీసుకోవాలంటే, మన చుట్టూ ఉన్నవే చాలు. కౌలు రైతు ఎవరన్నది నిర్వచనానికి. యూపీఐలో కొట్టిన డబ్బు అవతలి ఖాతాకు చేరే తీరు క్రమానికి. ఉల్లి ధర ఒక ఏడాది కన్నీళ్లు పెట్టించి మరుసటి ఏడాది నేలకెందుకు దిగుతుందన్నది కారణానికి. టర్మ్ బీమాకూ, గడువు తీరాక డబ్బు తిరిగొచ్చే బీమాకూ తేడా పోలికకు. ఉల్లి ధర మాత్రం చివరికి ఉంచుకోండి, నాలుగింటిలో అదే ఎక్కువ సతాయిస్తుంది.