బేస్ గిటార్ మనకెంత వచ్చింది? తెలుసుకోవడానికి ఏది మేలు

ఆదివారాలు విజయనగరం అయ్యకోనేరు గట్టు దగ్గర మా గదికి బేస్ (పాట అడుగున మంద్రంగా మోగే గిటారు) నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లు ఆరేడు నెలలు గడిచేసరికి ఒకే ప్రశ్న వేస్తారు. "అన్నా, నాకు ఎంతవరకు వచ్చినట్టు? ఆర్కెస్ట్రాలో కూర్చోగలనా?" దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. ఆ రోజుల్లో చుట్టుపక్కల ప్రోగ్రాములు ఎక్కువ, వాయించేవాళ్లు తక్కువ. అందుకని అప్పుడు ఈ ప్రశ్న మరీ ఎక్కువ. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకసారి రాసి పెడితే మంచిదనిపించింది.

పాడేవాళ్లు శ్రుతి తప్పితే వెనక వరసలో పల్లీలు తింటున్న మనిషికి కూడా తెలిసిపోతుంది. బేస్ తప్పితే అలా తెలియదు. పాట ఎందుకో నడవడం లేదనుకుంటారు తప్ప తేడా ఎక్కడుందో చెప్పలేరు. అందుకే చుట్టాలు, స్నేహితులు "అదరగొట్టేశావురా" అంటే సంతోషపడాలి గానీ దాన్ని కొలతగా పెట్టుకోకూడదు. వీడియోలకు వచ్చే లైకులూ అంతే. పైగా వీడియోలో ఎవరో వేగంగా వాయించింది చూసి నాకింకా రాలేదని బెంగపడేవాళ్లు ఉన్నారు. వాళ్లు ఆ వీడియోలు చూడటం కొన్నాళ్లు మానేస్తే చాలు.

గ్రేడ్ పరీక్షల గురించి తల్లిదండ్రులు ఎక్కువగా అడుగుతారు. ట్రినిటీ కాలేజ్ లండన్ వాళ్ల రాక్ అండ్ పాప్ పరీక్షల్లో బేస్‌కు ఇనీషియల్ నుంచి 8వ గ్రేడ్ దాకా ఉన్నాయి. మూడు పాటలు వాయించాలి. ఆపైన సెషన్ స్కిల్స్ అని, అప్పటికప్పుడు ఇచ్చినది వాయించే భాగం ఒకటి ఉంటుంది. 100కి 60 వస్తే పాస్, 75 వస్తే మెరిట్, 87 వస్తే డిస్టింక్షన్. వీడియో తీసి పంపే పద్ధతి కూడా ఉంది కాబట్టి మన ఊరి నుంచే రాయొచ్చు. ముక్కూ ముఖం తెలియని మనిషి మార్కులు వేస్తాడు, తేదీ ముంచుకొస్తుంది కాబట్టి సాధన ఆగదు. ఈ రెండూ నిజమైన లాభాలే. పదిహేనేళ్లలోపు పిల్లలకైతే రాయించమనే చెబుతాను.

కానీ ఆ మూడు పాటలూ నెలల తరబడి రుద్దినవి. వెనక వచ్చే ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిన మిగతా వాయిద్యాలు, ఎప్పుడూ ఒకే తీరున నడుస్తుంది. గాయని ఊపిరి కోసం అర క్షణం ఆగితే దానితో పాటు ఆగడం, చరణం మర్చిపోయి నేరుగా పల్లవికి వచ్చేస్తే మనమూ వచ్చేయడం ఏ ట్రాకూ అడగదు. మన పందిళ్లలో ప్రతి రాత్రీ అడిగేది అదే. 5వ గ్రేడ్ డిస్టింక్షన్ వచ్చిన అబ్బాయి మొదటి ప్రోగ్రాములో రెండో పాటకే చేతులెత్తేయడం చూశాను. వాడికి రాక కాదు, వాడిని ఎవరూ ఆ విషయంలో పరీక్షించలేదు.

టిక్ టిక్ మంటూ లయ చూపే మెట్రోనోమ్ దీనికన్నా కఠినం, పైగా ఖర్చు లేదు. టిక్‌కు ఒక నోటు చొప్పున వాయించి సరిపోయిందనుకుంటే లాభం లేదు. పాట 80 టెంపో (నిమిషానికి 80 బీట్లు) అయితే మెట్రోనోమ్‌ను 40కి పెట్టి, ఆ టిక్‌లను రెండో బీటు, నాలుగో బీటు అనుకుని వాయించాలి. అది కుదిరాక 20కి పెట్టాలి. అప్పుడు నాలుగు బీట్లకు ఒకే టిక్, అదీ నాలుగో బీటు మీద. టిక్‌కూ టిక్‌కూ మధ్య మూడు సెకన్లు ఉంటుంది, ఆ మూడు సెకన్లూ కాలం మన లోపలే నడవాలి. ఇలా ఒక పాట మొత్తం నిలబెట్టగలిగితే పరిగెత్తే జబ్బు లేనట్టే.

మన ఊళ్లో దీనికి ఇంకా పాత పద్ధతి ఒకటి ఉంది. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. పాట నేర్చుకునే పిల్లలు తొడ మీద తాళం వేస్తూ పాడటం ఇక్కడ కొత్త కాదు. గిటారు పక్కన పెట్టి, చేత్తో తాళం వేస్తూ, బేస్ లైను నోటితో పాడి చూడండి. ఎక్కడ నోరు తడబడితే అక్కడ వేలికి కూడా రాలేదని అర్థం. ఇంతవరకూ అది అలవాటు మీద నెట్టుకొచ్చింది, అంతే.

తోటివాళ్ల మాటలో నేను విలువిచ్చేది డోలక్, డ్రమ్స్ వాయించేవాళ్ల మాటకే. మా డోలక్ ఆయన రిహార్సల్లో తల ఎత్తకుండానే "ఏటి బావా, ముందుకు తోసెత్తన్నావు" అంటాడు. ఆ ఒక్క మాట పది మార్కుల షీట్లతో సమానం. కాకపోతే స్టేజి దిగాక ఎవరూ ఎవరినీ నొప్పించరు, కొత్త కుర్రాడినైతే అసలే అనరు. పిలుపు రాకపోవడమే వాళ్ల జవాబు. కారణం మాత్రం ఎప్పటికీ తెలియదు.

అందుకే నా ఓటు రికార్డింగుకి. ఒంటరిగా గదిలో తీసుకున్నది కాదు, నలుగురితో కలిసి వాయించినది. నాకు ఇది తెలిసొచ్చింది ఆమదాలవలస వైపు ఒక ఊరి పండగలో. ప్రోగ్రాము బాగా జరిగిందని అందరూ అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. రెండు రోజుల తర్వాత మిక్సర్ నుంచి తీసిన రికార్డింగు విన్నాను. నోట్లన్నీ పడాల్సిన చోటే పడ్డాయి. అయితే పల్లవికీ చరణానికీ మధ్య డోలక్ ఒక్కటే ముక్తాయింపు వాయించే చోటు ఒకటుంది. అక్కడ నేను ఊరుకోవాలి. వేళ్లు ఊరుకున్నాయి గానీ తీగ ఊరుకోలేదు. అన్నిటికన్నా లావుగా ఉండే ఇ తీగ సన్నగా మోగుతూనే ఉంది, ఆ మోత కింద డోలక్ దెబ్బలన్నీ బురదలో పడ్డట్టున్నాయి. వాయిస్తున్నంతసేపూ అది నా చెవికి అందలేదు.

అప్పటి నుంచి నేను నా వాయింపును గానీ ఇంకొకరిది గానీ ముందు ఒక్క విషయంలో చూస్తాను: నోటు ఎక్కడ ఆగింది? మొదలుపెట్టడం మెట్రోనోమ్ నేర్పుతుంది, పరీక్ష కూడా పట్టుకుంటుంది. ఆపడం చేతి పని. ఎడమ చేతి వేలిని తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తకుండా కొంచెం వదులు చేయాలి, వాయించని తీగలను కుడి చేతి బొటనవేలితో అణిచి ఉంచాలి. అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డుల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు చివర ఆనే బ్రిడ్జి దగ్గర వాటికి తగిలేలా ఫోమ్ ముక్క పెట్టుకునేవాడు, నోటు పొడవు సాగకుండా. ఎన్ని వేళ్లు వాడుతున్నామో లెక్కపెట్టుకునే కుర్రాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెబుతుంటాను.

వినేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఫోన్ స్పీకర్లో వినొద్దు. ఇ తీగ వట్టిగా మీటితే 41 హెర్ట్జ్ చిల్లర. ఆ చిన్న స్పీకర్ అంత కిందికి దిగలేదు, పైపై స్వరాలే వినిపిస్తాయి, మోత దాక్కుంటుంది. హెడ్‌ఫోన్ కావాలి. రెండోది, వాయించిన రాత్రే వినొద్దు. ఆ రాత్రి చెవిలో ఇంకా మనం వాయించామనుకున్నదే మోగుతుంటుంది. రెండు రోజులు ఆగి, మొదటిసారి పాట మొత్తం మామూలుగా, రెండోసారి డోలక్‌తో కలిసి పడుతున్నామో లేదో, మూడోసారి ఖాళీలు మాత్రమే వినాలి. దీనికి లోటు లేకపోలేదు. మొదట్లో మనసు విరిగిపోతుంది, ఏం వినాలో చెప్పే మనిషి ఒకరు పక్కన ఉంటే మంచిది.

పోయిన నెల ఒక అబ్బాయికి ఇలాగే వినిపించాను. మొదటిసారి "బాగానే ఉంది కదన్నా" అన్నాడు. రెండోసారి ఏమీ అనలేదు. మూడోసారి ముక్తాయింపు దగ్గరికి రాగానే, హెడ్‌ఫోన్ చెవిలో ఉండగానే, ఒళ్లో ఉన్న గిటారు తీగల మీద అరచెయ్యి ఆనించాడు.