ఒకే కాలానికి ఇద్దరు కవులు: ఛాసర్, లాంగ్లండ్

1348లో ఇంగ్లండుకు చేరిన ప్లేగు జనాభాలో సుమారు మూడో వంతును, బహుశా అంతకన్నా ఎక్కువమందిని, పొట్టన పెట్టుకున్నాక, మిగిలిన కూలీలు ఎక్కువ వేతనం కోరగా 1351 నాటి చట్టం దాన్ని అడ్డుకుంది. పేరుకుపోయిన ఆ ఆగ్రహానికి తలపన్ను తోడై 1381లో రైతుల తిరుగుబాటు రగిలింది.

లండను రేవులో సుంకాల అధికారిగా పనిచేసిన జెఫ్రీ ఛాసర్ ‘కాంటర్‌బరీ కథల’లో దారిలో కథలు చెప్పుకునే యాత్రికులకు ఎవరి గొంతు వారికిచ్చి, తీర్పును చాలావరకు పాఠకుడికే వదిలాడు. తిరుగుబాటును ఆయన పేరుపెట్టి తలచింది మాత్రం అందులోని కోడిపుంజు కథలో, నక్కను తరిమేవారి కేకలకు పోలికగానే.

విలియం లాంగ్లండ్ ‘పియర్స్ ప్లౌమన్’లో ఆకలి, లంచం మనుషుల రూపంలో నడుస్తాయి, సత్యానికి దారి చూపేవాడు నాగలి పట్టిన రైతు. తిరుగుబాటు నాయకుడు జాన్ బాల్ తన లేఖలో ఆ రైతు పేరునే వాడుకున్నాడు. ఛాసర్‌ది అంత్యప్రాస, లాంగ్లండ్‌ది పాదంలోని ముఖ్యపదాల తొలి ధ్వనులను కలిపే పాత ఇంగ్లీషు పద్ధతి కనుక, యతికి అలవాటుపడిన తెలుగు చెవికి అది పరాయిగా తోచదు. మనుషులను చూడాలంటే ఛాసరే. ఆ కాలపు ఆకలిని తెలుసుకోవాలంటే మాత్రం నేను లాంగ్లండ్‌నే ముందు చదవమంటాను.