తోపుల వెంట జగిత్యాల, నిర్మల్: మూడు రోజుల ప్రయాణం

మూతి నుంచి మందు దట్టించి పేల్చే పాతకాలపు తుపాకులకూ (భర్మార్లకూ) తోపులకూ, అంటే ఫిరంగులకూ, కొయ్యతో, ఇత్తడితో చిన్న నమూనాలు చేయడం నాకూ, హనుమకొండలోనే ఉండే నా మిత్రుడికీ పదేళ్లుగా ఉన్న వ్యసనం. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం ఇలాంటి తుపాకీకి కూడా లైసెన్స్ ఉండాల్సిందే కనుక మేము గొట్టాన్ని లోపల తొలవము, లోపలి మందుకు నిప్పు అందించే రంజకపు చిల్లు పెట్టము. పైరూపంతోనే మాకు పని. ఆ రూపం సరిగ్గా రావాలంటే అసలు తోపును చేత్తో తడిమి చూడాలి. మా ఓరుగల్లు కోట గోడలేమో తోపులు రాకముందు కాకతీయులు కట్టినవి. అందువల్ల గత జనవరిలో ఒక కారు అద్దెకు మాట్లాడుకుని కరీంనగర్ మీదుగా బయలుదేరాము.

ఎలగందుల కోటను కోటగా చూడాలనుకునేవారు తప్పక ఎక్కవచ్చు. మానేరు ఒడ్డున ఆ గుట్ట, పైనున్న మసీదు మినార్లు బాగుంటాయి గానీ మా పనికి అక్కడ గంట చాలింది.

అసలు సంగతి జగిత్యాలలో ఉంది. నక్షత్రాకారంలో, చుట్టూ కందకంతో ఉన్న ఈ కోటను 1747లో ఫ్రెంచి ఇంజనీర్ల చేత కట్టించారని చెబుతారు. ఆ ఆకారం అలంకారానికి కాదు. గోడ ముందుకు చొచ్చుకువచ్చి కోణంగా మలుపు తిరగడం వల్ల ఒక బురుజు మీది తోపు పక్క బురుజు పాదాన్ని కూడా కాపాడగలదు. గుండ్రటి బురుజైతే దాని ముందు గుండు తగలని మూల ఒకటి మిగిలిపోతుంది. తోపు పక్కన నిలబడి చూస్తే ఇది బొమ్మ గీసి చెప్పినంత తేలికగా అర్థమవుతుంది. ఒక తోపు వెనుకభాగాన, పైన, మేము వెతుకుతున్న రంజకపు చిల్లు కనిపించింది. మూతి నుంచి మందు, దాని మీద గుడ్డ, ఆపైన గుండు వేసి గజం అనే పొడవాటి కడ్డీతో దట్టించాక, రంజకం అనే సన్నటి మందుపొడిని ఈ చిల్లులో పోసి వత్తి అంటిస్తే నిప్పు లోపలి మందుకు చేరుతుంది. పదేపదే పేలిన తోపుకు ఈ చిల్లు అరిగి వెడల్పవుతుంది. నా మిత్రుడు అగ్గిపుల్ల దించి చూస్తే అది అంచులకు తగలకుండానే దిగింది. నేను ఇన్నాళ్లూ నమూనాల మీద సూదిమొనంత చుక్క పెడుతూ వచ్చాను. మరో తోపు మూతి నిండా రాళ్లు ఉన్నాయి. అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయన, "పోరగాండ్లు కుక్కిండ్రు సారూ. మా తాతకు భర్మార్ ఉండె, అడవి పందులకు. దాని మూతికి ఎప్పుడూ గుడ్డ కట్టేటోడు" అన్నాడు. ఉదయమే వెళ్లడం మంచిది. పది దాటితే ఎండకు లోహం చెయ్యి పెట్టనివ్వదు.

నిర్మల్ దారిలో కోనసముద్రం వైపు మళ్లాము. ఇక్కడి ఉక్కు పర్షియా వర్తకుల దాకా వెళ్లేది. వాయ్సీ అనే సర్వే వైద్యుడు దాని తయారీని చూసి రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. ఇక్కడి ఉక్కుతోనే తోపులు పోశారని కొందరు చెప్పడం మాత్రం పొరపాటు. మూసలో కరిగించే ఆ ఉక్కు చిన్న ముద్దలుగా వచ్చేది, కత్తులకు పనికివచ్చేది. తోపును కంచు పోతపోసేవారు, లేదా ఇనుప పట్టీలను కాల్చి అతికి కడియాలు బిగించేవారు. ఊళ్లో చూపడానికి ఏర్పాటంటూ ఏమీ లేదు, తెలిసినవారు వెంట ఉంటేనే ఇనుము కరిగించాక మిగిలిన చిట్టెం కుప్పల దగ్గరకు వెళ్లగలము.

నిర్మల్‌లో బస్టాండు దగ్గరి లాడ్జిలో 1,200 రూపాయలకు గది తీసుకున్నాము. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ ఉంటాయని చెప్పి, తెల్లవారాక అడిగితే బకెట్టుకు ముప్పై రూపాయలన్నారు. మొదటే చెప్పి ఉంటే ఇచ్చేవాళ్లమే. కారు డ్రైవరు మాత్రం దారి తప్పినా విసుక్కోకుండా, అడిగిన ప్రతిచోటా ఆపాడు. రోడ్డు పక్కనే ఉన్న శ్యామ్‌గఢ్ కోట ఎక్కడం సులువే. అయితే జగిత్యాల చూసిన కళ్లకు అది కొంత చప్పగా అనిపించింది. సమయం ఒక్కరోజే ఉన్నవారు జగిత్యాలకు వెళ్లి రావడం మేలు.

నిర్మల్‌లో మాకు దక్కింది బొమ్మల పనివారి దగ్గరే. ఆ బొమ్మలకు వాడే పొనికి చెక్క ఎంత తేలికో తెలిసి కూడా, తోపుబండికి చక్రాలు చేసిపెట్టమని బొమ్మలు చేసి రంగులు వేసే ఒక నకాషీ పనివాడిని అడిగాను. ఆయన నా చేతిలోని ఇత్తడి గొట్టాన్ని తూచినట్టు పట్టుకుని, "ఈ బరువుకు పొనికి ఆగదు, లోపల టేకు ముక్క పెడతా, పైన పొనికి ఉంటది, రంగు మీకు తేడా తెల్వదు" అన్నాడు. పదిహేను రోజులకు బస్సు పార్సిల్‌లో చక్రాలు వచ్చాయి. ఒకటి రెండో దానికన్నా గోరంత పెద్దది. బండి కొద్దిగా కుడివైపుకు ఒరుగుతుంది.