రోములో ఉచిత భోజనం

రోములో మొదటి మూడు రోజులూ హాయిగా గడిచాయి. గది రాత్రికి 110 యూరోలు, పైన మనిషికి 6 యూరోల సిటీ ట్యాక్స్. శుభ్రంగానే ఉంది.

నాలుగో రోజు పొద్దున కౌంటర్ దగ్గర ఒకాయన, మా అతిథులకు ఉచితమంటూ సగం రోజు టూర్, భోజనం అంటగట్టాడు. మా బావ ముఖం వెలిగిపోయింది. రెండు చర్చిలు పది నిమిషాల్లో చూపించి, వ్యాను తీసుకెళ్లి ఒక తోలు వస్తువుల దుకాణం ముందు ఆపారు. పాస్తా బాగుంది, అబద్ధమెందుకు! ప్లేట్లు తీయకముందే బ్యాగులు పరిచారు. గంటన్నర కదలనివ్వలేదు. చివరికి బావ మొహమాటపడి 85 యూరోలకు బెల్టు కొన్నాడు. "తిన్నాం కదరా" అన్నాడు, వ్యానెక్కుతూ.

సాయంత్రం పియాజ్జా కొలొన్నా అనే కూడలికి వెళ్లాం. నేను రోము వచ్చిందే దానికోసం. అక్కడి కీజీ భవనంలోనే 1926లో ముస్సోలినీ ఆఫీసు. ఆ ఏడాది మే 31న టాగూర్ అతన్ని కలిశాడు. అంతకుముందే ముస్సోలినీ ప్రభుత్వం శాంతినికేతన్‌కి పుస్తకాలు, ఇద్దరు పండితులను పంపింది. ఆ ఇద్దరిలో ఒకడైన ఫార్మీకీయే రోములో కవికి దుబాసీ. ఆతిథ్యం వాళ్లది, మాట చేరవేసే నోరూ వాళ్లదే. కవి ఏమన్నా పత్రికల్లో ఫాసిజానికి పొగడ్తగా అచ్చయ్యేది. ఆయనకా ఇటాలియన్ రాదు. స్విట్జర్లాండ్‌లో ఫ్రెంచి రచయిత రోమా రోలా చెప్పాక గానీ తన పేరు ఎలా వాడుకున్నారో పూర్తిగా తెలిసిరాలేదు. ఆగస్టు 5న ఇంగ్లండు పత్రిక మాంచెస్టర్ గార్డియన్‌లో ఫాసిజాన్ని ఖండిస్తూ ఆయన ఉత్తరం పడింది. ఇటలీ పత్రికలు తిట్టిపోశాయి.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమేగా" అన్నాడు బావ.

నేనొప్పుకోలేదు. పెట్టినవాడు మాట కొనడానికే పెడితే అది అతిథి మర్యాద ఎలా అవుతుంది? ఫ్రెంచి రచయిత ఆంద్రే జీద్ 1936లో సోవియట్ ప్రభుత్వ అతిథిగా తిరిగొచ్చి, నవంబరుకల్లా అక్కడ నచ్చనివన్నీ పుస్తకంగా అచ్చేశాడు. టాగూర్ మీద నా ఫిర్యాదు వేరు: టికెట్ ఎవరు కొంటున్నారో బయల్దేరేముందే ఆలోచించాల్సింది. బావ బదులివ్వలేదు, కొత్త బెల్టు సర్దుకుంటూ ముందు నడిచాడు.

మీకెవరైనా ఉచిత టూర్ అంటే వ్యాను ఎక్కడెక్కడ ఆగుతుందో ముందే అడగండి. ఊరు చూడ్డానికి మేం వెళ్లినప్పుడు మెట్రో టికెట్ 1.50 యూరోలే.

ఇంటికొచ్చాక బసకు రేటింగ్ ఇమ్మని మెసేజ్ వచ్చింది. నేను చూసేలోపే బావ ఐదు స్టార్లు కొట్టేశాడు.