ఎస్పన్యోలా, ఫ్లోరియానా: రెండు మాకింగ్‌బర్డ్‌ల కోసం గలాపగోస్ ప్రయాణం

పసిఫిక్ సముద్రంలో ఈక్వెడార్‌కు చెందిన గలాపగోస్ దీవులకు వెళ్లేవారిలో చాలామంది తాబేళ్ల కోసం వెళ్తారు. మేము ఇతర పక్షుల కూతలను అనుకరించే జాతికి చెందిన మాకింగ్‌బర్డ్‌ల కోసం, ఎస్పన్యోలా, ఫ్లోరియానా అనే రెండు దీవులకు వెళ్లాం. 1835లో డార్విన్‌ను ముందుగా ఆలోచనలో పడేసినవి ఫించ్‌లనే చిన్న పిట్టలు కావు, దీవికో తీరుగా కనిపించిన ఈ పక్షులే.

ఎస్పన్యోలాలో మనుషులు ఉండరు, బసకూ వీల్లేదు. సాన్ క్రిస్టొబల్ అనే మరో దీవిలో గది తీసుకుని ఉదయమే స్పీడ్‌బోటు ఎక్కాలి. దాదాపు రెండు గంటల ప్రయాణంలో అలల తాకిడి ఎక్కువ కాబట్టి, పడవ పడనివారు ముందే మాత్ర వేసుకోవడం మేలు. ఒడ్డున అడుగు పెట్టగానే పొడవైన, వంపు తిరిగిన ముక్కు గల బూడిదరంగు మాకింగ్‌బర్డ్ వచ్చి నా బూటు తాడును లాగింది, ఆపై నీళ్ల సీసా మూత చుట్టూ పొడిచి చూసింది. జంతువులకు రెండు మీటర్ల దూరంలో ఉండాలన్న నిబంధన మనకే గాని దానికి లేదు! సముద్రపక్షుల గుడ్లు పగలగొట్టి తినే, గాయాల నుంచి రక్తం తాగే ఈ పక్షికి నీళ్లు పోయకూడదని గైడ్ గట్టిగా చెప్పారు.

ఫ్లోరియానాలో ఒక చిన్న ఊరు ఉంది. బస సాదాగా, శుభ్రంగా ఉంది. భోజనం మాత్రం ముందే చెప్పి ఉంచాలి. అయితే ఆ దీవి పేరు మోస్తున్న ఫ్లోరియానా మాకింగ్‌బర్డ్ అక్కడ లేదు. మనుషుల వెంట వచ్చిన ఎలుకలు, పిల్లులు దాన్ని వేటాడగా, మేకలూ గాడిదలూ అది గూడు కట్టే నాగజెముడును నాశనం చేయగా, డార్విన్ వచ్చి వెళ్లిన సుమారు అర్ధశతాబ్దంలోనే అది ప్రధాన దీవి నుంచి మాయమైంది. మిగిలిన కొన్ని వందల పక్షులు ఛాంపియన్, గార్డ్‌నర్ అనే రెండు చిన్న దీవుల్లో బతుకుతున్నాయి. ఛాంపియన్ మీద పర్యాటకులు దిగరాదు. పడవలోంచి బైనాక్యులర్‌తో చూస్తే, ఛాతీ పక్కల ముదురు మచ్చలున్న పక్షి ఒక నాగజెముడు కొమ్మ మీద క్షణంసేపు కనిపించింది. తోటివారికి స్నార్కెలింగ్ (గొట్టంతో గాలి పీలుస్తూ నీటి పైభాగంలో ఈదడం) తొందర. పడవవాళ్లు ఎక్కువసేపు ఆపలేదు.

ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో ఫ్లోరియానా పక్షి 'అంతరించే ప్రమాదం' వర్గంలోనూ, ఎస్పన్యోలా పక్షి అంతకంటే ఒక మెట్టు తక్కువ ముప్పున్న వర్గంలోనూ ఉన్నాయి. ఎస్పన్యోలాలో ఎలుకల బెడద లేదు, మేకలను 1978 నాటికే తొలగించారు. కానీ జాతి మొత్తం ఒకే దీవి మీద ఆధారపడి ఉంది. ఫ్లోరియానాలో ఎలుకల నిర్మూలనకు 2023లో మందు చల్లారు. పక్షిని తిరిగి ప్రధాన దీవికి చేర్చాలన్నది ప్రణాళిక.

ఒక్కటే ఎంచుకోవాలంటే, ఖర్చు ఎక్కువైనా ఎస్పన్యోలాకే నా ఓటు. ఫ్లోరియానాకు వెళ్లేవారు ఛాంపియన్ దగ్గర పడవ ఎంతసేపు ఆపుతారో డబ్బు కట్టకముందే అడిగి తేల్చుకోవాలి. విదేశీయులకు గలాపగోస్ జాతీయ పార్కు ప్రవేశ రుసుము 2024 ఆగస్టు నుంచి 200 డాలర్లు.