కొరివి దయ్యానికి కొలతలు తీసిన కొట్టు

మేము డబ్లిన్ శివార్లలో కాపురం పెట్టి ఆరేళ్ళయింది. ఐర్లండులో అక్టోబరు 31 రాత్రి జరిగే హాలోవీన్‌కు పిల్లవాడికి ఏదో ఒక వేషం కట్టక తప్పదు. సెలవులకు ముందు వచ్చే శుక్రవారం బడికి వేషంతోనే పంపాలి, పండుగనాటి చీకట్లో ఇరుగుపొరుగు పిల్లలతో కలిసి గడప గడపకూ తిరగనివ్వాలి. ఇన్నాళ్ళూ సూపర్‌మార్కెట్లో సంచుల్లో పెట్టి అమ్మే దుస్తులే కొన్నాము. నల్ల పాలియెస్టరు గుడ్డ మీద తెల్లగా ఎముకలు అచ్చు వేసిన ఆ తొడుగు ఒక్క రాత్రి వాడేసరికి చంకల దగ్గర పిగిలిపోయేది, మరునాడు చెత్తబుట్టలో పడేది. 2024లో వేసవి సెలవులకు విజయనగరం వచ్చినప్పుడు, గంటస్తంభానికి నడక దూరంలో నాటకాల దుస్తులు కుట్టి అద్దెకిచ్చే ఒక పాత కొట్టులో మా అబ్బాయికి వేషం కుట్టించాము. దాన్ని ఆ దేశపు చలిలో, వానలో వాడి చూసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. విదేశాల్లో ఉంటూ సెలవులకు ఊరికి వచ్చే వాళ్ళకు ఇలాంటి కొట్లు ఎంతగా పనికొస్తాయో తెలియాలన్నది నా కోరిక.

ఈ కొట్టుకు పేరు రాసిన బోర్డు లేదు. అరుగు మీద కుట్టుమిషను, లోపలి గోడకు వరుసగా కిరీటాలు, భుజకీర్తులు, గదలు కనబడితే అదే కొట్టు అని గుర్తుపట్టాలి. 1892లో కన్యాశుల్కం తొలిసారి రంగస్థలం ఎక్కిన ఊరు ఇది. ఇక్కడ వేషం కట్టడమంటే ఏమిటో తెలిసిన చేతులు ఇంకా మిగిలి ఉన్నాయి. పద్యనాటకాలకు గిరాకీ తగ్గినా జాతరలు, బడి వార్షికోత్సవాలు ఈ పనిని నిలబెడుతున్నాయని మేస్త్రి చెప్పారు. ఆయన వయసు డెబ్బై దాటింది. కత్తెర పట్టినప్పుడు మాత్రం ఆ వయసు తెలియదు.

మొదట మేము అడగాలనుకున్నది యమధర్మరాజు వేషం. మా నాన్నగారు ఒప్పుకోలేదు. దక్షిణ దిక్కును పాలించే దేవుణ్ణి, ధర్మం తప్పని వాణ్ణి దయ్యాల వరుసలో నిలబెట్టకూడదని ఆయన పట్టుబట్టారు. ఆ మాట సబబే అనిపించింది. మరి ఏ వేషం వేయాలని ఆలోచిస్తుండగా మా అబ్బాయే, తాతయ్య రాత్రిపూట చెప్పే కొరివి దయ్యం కావాలన్నాడు. నాన్నగారిది నెల్లిమర్ల వైపు పల్లె. చిన్నప్పుడు వానాకాలం రాత్రుళ్ళు చెరువు అవతలి గట్టున ఒక వెలుగు ఊగుతూ, ఆరుతూ, మరొక చోట మళ్ళీ వెలుగుతూ కనబడితే కొరివి దయ్యం తిరుగుతోందని పెద్దవాళ్ళు తలుపులు వేయించేవారట. చిత్తడి నేలల్లో ఆకూ అలమూ కుళ్ళి పుట్టే వాయువులు ఇలాంటి వెలుగులకు కారణమని తరువాత చదువుకున్నాము గాని, కథగా వింటున్నప్పుడు ఆ వివరణ గుర్తుకు రాదు.

ఆ వేషం హాలోవీన్‌కు ఎంతగా అతుకుతుందో అప్పటికి పిల్లవాడికి తెలియదు. చిత్తడి నేలల మీద రాత్రిపూట కనబడే ఆ వెలుగునే ఇంగ్లీషువాళ్ళు కూడా ఒకప్పుడు జాక్ లాంతరు అనేవారు. ఐర్లండు కథలో జాక్ అనే మోసగాడు సైతానునే బోల్తా కొట్టిస్తాడు. చచ్చిపోయాక అతణ్ణి స్వర్గమూ రానివ్వదు, నరకమూ రానివ్వదు. సైతాను విసిరిన ఒక నిప్పుకణికను తొలిచిన టర్నిప్ దుంపలో పెట్టుకుని అతడు ఎప్పటికీ చీకట్లో తిరుగుతూనే ఉంటాడు. కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే ‘సావిన్’ అనే పాత పండుగనాడు చనిపోయినవాళ్ళు ఈ లోకంలోకి వస్తారని నమ్మే ఆ దేశంలో, దుంపలకు భయంకరమైన ముఖాలు చెక్కి లోపల దీపం పెట్టేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికాకు వలస వెళ్ళిన ఐరిష్‌వాళ్ళకు అక్కడ గుమ్మడికాయలు సులువుగా దొరికాయి, తొలవడమూ తేలికయింది. దిష్టి తగలకుండా వాకిట్లో బూడిద గుమ్మడికాయకు కోరలూ మీసాలూ దిద్ది వేలాడదీసే మనకు ఇది వింతగా తోచవలసిన ఆచారం కాదు.

కొట్టులో కోరిక చెప్పగానే మేస్త్రి చాక్‌పీసు కింద పెట్టి, “కొరివి దెయ్యానికి ఒళ్ళుంటాదేటి తల్లీ, కొలతలు తియ్యడానికి?” అని అడిగారు. ఏ నాటకంలోనూ ఆయన ఆ వేషం కుట్టలేదు. అప్పుడు మా నాన్నగారు, “ఒళ్ళు కనబడదు మేస్త్రీ, నిప్పొక్కటే కనబడతాది. అది ఒకచోట నిలవదు” అన్నారు. మేస్త్రి చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత పిల్లవాణ్ణి వీధిలో ఇటూ అటూ పరుగెత్తించి, చేతులు ఎంత దూరం ఊపుతున్నాడో చూసి గాని టేపు తీయలేదు. మరో దర్జీ అయితే ముందు ఛాతీ కొలిచేవాడు.

ఆయన వేసుకున్న లెక్క నేను ఈ కొట్టులో నేర్చుకున్న మంచి పాఠం. నాటకం చూసేవాళ్ళలో వెనక వరుసలో కూర్చున్నవాడికి గుడ్డ కనబడదు, అంచు కనబడుతుంది. నిలిచి ఉన్నది కనబడదు, కదిలేది కనబడుతుంది. అందుకని ఒంటి భాగమంతా మెరుపు లేని నల్ల నూలు గుడ్డతో కుట్టి, భుజాలకూ మణికట్లకూ మోకాళ్ళకూ శాటిన్ పేలికలు వేలాడదీశారు. ఒక్కొక్క పేలిక మొదట్లో రెండు వేళ్ళ వెడల్పు ఉండి కొసకు వచ్చేసరికి కాకర తీగ కొసలా సన్నబడుతుంది. ఎరుపు మీద నారింజ, ఆ రెండింటి కింద బూడిదరంగు. బూడిదరంగు పేలిక మిగతా రెండింటికంటే అంగుళం పొడవు ఉంచడం వల్ల చెయ్యి ఆడించినప్పుడు నిప్పు ఎగసి, చెయ్యి దించగానే నివురు కప్పినట్లు కనబడుతుంది. ఆ అంచులకు పీకో చేయించలేదు. కొవ్వొత్తి వెలిగించి, ఒక్కొక్క పేలిక అంచును మంటకు రెప్పపాటు ఆనించి తీస్తుంటే శాటిన్ ముడుచుకుని, దారాలు కరిగి, కాలిన ఆకు అంచులా తయారయింది. నలభైకి పైగా పేలికలను అలా ఒక్కొక్కటిగా చేశారు. ఆ అరుగు మీద కూర్చుని నేను అది కళ్ళారా చూశాను.

చలి సంగతి చెప్పినప్పుడు ఆయన వెంటనే అర్థం చేసుకున్నారు. అక్టోబరు చివర డబ్లిన్‌లో సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గూకుతుంది, లోపల మందపాటి స్వెటరు లేకుండా పిల్లవాణ్ణి బయటికి పంపలేము. స్వెటరు తెచ్చి చూపించమని, దాని మీదనే కొలతలు తీసి, చంకల కింద వదులు కోసం అదనపు ముక్కలు వేశారు. పాదాలు తట్టుకోకుండా పంట్లాము చీలమండ దగ్గరే ఆపారు. అడుగున మూడు అంగుళాల మడత ఉంచి, పిల్లవాడు ఎదిగితే విప్పుకోమన్నారు. వీపు మీద వాహనాల వెలుగుకు మెరిసే పట్టీ ఒకటి కుట్టమని అడిగితే, వేషం అందం పోతుందని మొదట ఇష్టపడలేదు గాని, రోడ్డు దాటే పిల్లవాడికి అది అవసరమని చెప్పాక మారు మాట్లాడకుండా వేశారు.

ముసుగు పని వాళ్ళ పెద్దకోడలిది. పాత కాగితాల గుజ్జును చింతగింజల పిండి జిగురుతో కలిపి మూస మీద పొరలు పొరలుగా పరచి ఎండబెడతారు. బడిలో ముఖం మొత్తం కప్పే ముసుగులు వద్దన్నారని చెప్పడంతో నుదురు, చెంపల వరకే ఉండేలా చేసి ఇచ్చారు. ముఖానికి పూసే రంగుల దగ్గర మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. పాత నాటకాల అలవాటు ప్రకారం పసుపు ఛాయ కోసం అరదళం ఇస్తామన్నారు. అది ఆర్సెనిక్ ఉన్న ఖనిజం, పిల్లల చర్మానికి తగలనివ్వకూడదు. వద్దంటే వాళ్ళు నొచ్చుకోలేదు. ఇక ముందు పిల్లల వేషాలకు ఇవ్వబోమని కూడా అన్నారు. పిల్లలకు వేషాలు కట్టించే ప్రతి తల్లీ ఈ విషయం అడిగి తెలుసుకోవాలి.

చేతిలో కొరివికి వెదురు కర్ర, దాని కొసన బ్యాటరీతో వెలిగే చిన్న దీపం, చుట్టూ అవే పేలికలు. నిజం నిప్పు దరిదాపులకు కూడా ఈ వేషాన్ని తీసుకుపోకూడదు. శాటిన్ ఎంత తొందరగా అంటుకుంటుందో కొవ్వొత్తి దగ్గర చూశాను. ఐరోపాలో కొట్లలో అమ్మే పిల్లల వేషాలను బొమ్మల కిందే లెక్కగట్టి మంటల పరీక్ష పెడతారు, చేత్తో కుట్టించుకున్న వాటికి ఆ పరీక్ష ఉండదు. అందుకని ఆ రాత్రి మా వాకిట్లో ప్రమిదలన్నీ కిటికీ గట్టు మీదికి ఎక్కించాను.

లోపాలూ చెప్పాలి. పది రోజుల్లో ఇస్తామన్న వేషం పంతొమ్మిది రోజులకు, మా ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి చేతికి వచ్చింది. శ్రావణమాసపు పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళ నాటకాలు రెండూ వాళ్ళ మీద ఒకేసారి పడ్డాయి. అది నాకు తెలుసు, అయినా ఫోను ఎత్తి ఆ మాట చెప్పి ఉంటే మేము నాలుగుసార్లు తిరిగేవాళ్ళం కాదు. నల్ల గుడ్డను ముందుగా నీళ్ళలో నానబెట్టి ఆరవేయకుండా కుట్టారు. దాంతో మొదటి వాన చినుకులకే రంగు దిగి, పిల్లవాడి తెల్ల స్వెటరు మెడ చుట్టూ మరక పడింది, అది ఇప్పటికీ పోలేదు. వెనక హుక్కులు చిన్నవి కావడంతో చలికి మొద్దుబారిన వేళ్ళతో పెట్టడం కష్టమయింది. నాడా అయితే బాగుండేది. ముసుగును పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చారు, సూట్‌కేసులో అది ఎడమ చెంప దగ్గర పగిలింది. జిగురు పెట్టి అతికించుకున్నాము.

దుస్తులకు 2,600, ముసుగుకు 700, కొరివికి 300, మొత్తం 3,600 రూపాయలు తీసుకున్నారు. సూపర్‌మార్కెట్ దుస్తులతో పోలిస్తే ఇది ఎక్కువే. అయితే ఆ నలభై పేలికలకు పట్టిన పొద్దు చూసిన దానిగా నేను బేరం ఆడలేదు, ఆడకూడదని కూడా అనుకుంటున్నాను.

ఆ ఏడు హాలోవీన్, దీపావళి రెండూ అక్టోబరు 31నే వచ్చాయి. సాయంత్రం ముందుగా లక్ష్మీపూజ చేసుకుని, కొరివి దయ్యం వేషంలోనే పిల్లవాడి చేత దివిటీ కొట్టించాను. గోగు కర్ర లేదు, మంటా లేదు. ఆ బ్యాటరీ కొరివినే నేలకు కొడుతూ, తాతయ్య ఫోనులో అందిస్తుంటే “దుబ్బు దుబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి” అని గట్టిగా అరిచాడు. ఐర్లండులో ప్రమాదం లేని చిన్న చిన్నవి తప్ప బాణసంచా కొనడానికీ కాల్చడానికీ సామాన్యులకు అనుమతి లేదు, అయినా ఎక్కడో దూరంగా ఎవరో కాలుస్తున్న చప్పుళ్ళు వినబడుతూనే ఉన్నాయి. తరువాత మేము వీధిలోకి వెళ్ళాము. వీధి దీపాలు లేని మలుపు దగ్గర వాడు నాకంటే ఇరవై అడుగులు ముందు పరుగెత్తాడు. ఒళ్ళు చీకట్లో కలిసిపోయింది. ఎర్రటి వెలుగు ఒకటి, దాని చుట్టూ పేలికల కదలిక మాత్రమే నాకు కనబడ్డాయి. మేస్త్రి లెక్క ఎంత సరిగ్గా పనిచేసిందో అక్కడ తెలిసింది. కన్నతల్లిని నేనే ఒక్క క్షణం ఉలిక్కిపడ్డాను.

పక్క వీధిలో ఒంటరిగా ఉండే పెద్దావిడ తలుపు తీసి, ఇది ఏ వేషమని అడిగింది. చిత్తడి నేలల్లో నిప్పు పట్టుకుని తిరిగే దయ్యమని మా వాడు చెప్పగానే, “అయితే జాక్ అన్నమాట” అంది. వాళ్ళ నాన్న చిన్నప్పుడు టర్నిప్ దుంప తొలిచి ఇచ్చేవాడని, ఆ దుంప రాయిలా ఉండి చేతులు కోసుకుపోయేవని చెప్పింది. వాడి సంచిలో పెంకు తీయని వేరుశనగకాయలు రెండు గుప్పిళ్ళు పోసింది. పాతకాలపు ఇళ్ళలో ఈ పండుగకు ఇప్పటికీ వేరుశనగకాయలు, ఆపిల్ పళ్ళే పెడతారు. మిఠాయిలన్నీ వదిలి మా వాడు ఇంటికి వచ్చేలోపు ఆ కాయలే ఒలుచుకు తిన్నాడు.

ఈ కొట్టుకు వెళ్ళదలచినవారు ఆషాఢంలోనే వెళ్ళడం మంచిది, అప్పుడు మేస్త్రికి తీరిక ఉంటుంది. గుడ్డ తడిపి ఆరవేశాకనే కత్తిరించమని, హుక్కులకు బదులు నాడా పెట్టమని ముందే చెప్పాలి. ముసుగుకు అట్టపెట్టె మీరే తీసుకువెళ్ళాలి. వేషం పేరు చెప్పి ఊరుకోకుండా, దాని కథ తెలిసిన పెద్దవారిని వెంట తీసుకువెళితే పని ఇంకా బాగా వస్తుంది. కొలతల పుస్తకంలో దుర్యోధనుడికీ కృష్ణుడికీ మధ్య పేజీలో మా అబ్బాయి కొలతలు ఇంకా ఉన్నాయి. పైన “కొరివి దెయ్యం, ఏడేళ్ళు” అని రాసి, కింద “మడత మూడు అంగుళాలు” అని గీత గీశారు. ఈ వేసవికి వాడు రెండు అంగుళాలు ఎదిగాడు.