రెండు పళ్లకి రెండు క్యాప్‌లు: పదేళ్లు వాడాక

నా కింది కుడి దవడ పన్నుకి 2015లో క్యాప్ వేయించుకున్నాను. లోపల లోహం, పైన పోర్సిలిన్ ఉండే రకం. అప్పట్లో 3,500 రూపాయలైంది. పై ఎడమ దవడ పన్నుకి 2021లో జిర్కోనియా క్యాప్ వేయించాను, దానికి 9,000. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో పంటి డాక్టర్లు ఉన్నారు గానీ, క్యాప్ వేయించుకుని ఏళ్ల తరబడి వాడినవాళ్లు అదెలా ఉందో ఎవరూ విడమర్చి చెప్పరు. "వేయించుకున్నాం, బాగానే ఉంది" అంటారు, అంతే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి పన్ను విషయంలో తప్పు నాదే. 2014 చివర్లో ఆ పిప్పి పన్నుకి రూట్ కెనాల్ అయింది. రాత్రుళ్లు గోడకి తల ఆనించుకుని కూర్చునేంత నొప్పి, మూడు సిట్టింగుల్లో పూర్తిగా పోయింది. డాక్టరమ్మ ఒడియా ఆవిడ, మాతో తెలుగు కలిపి మాట్లాడతారు. "పదిహేను రోజుల్లో రండి, క్యాప్ వేయాలి" అని గట్టిగా చెప్పారు. నేను వెళ్లలేదు. నొప్పి లేదు కదా, ఇంకో మూడున్నర వేలెందుకు అనుకున్నాను. అలా ఏడు నెలలు గడిచిపోయాయి.

వానాకాలం సాయంత్రం ఒకరోజు ముడీ, అంటే మరమరాలు, కలుపుకుని తింటున్నాను. ఉల్లిపాయ, ఆవనూనె, వేయించిన శనగలు. ఒక గట్టి శనగ ఆ పన్ను కిందికి వచ్చింది. టక్కుమని చప్పుడైంది. నొప్పి లేదు. నాలుకకి మాత్రం పదునైన అంచు తగిలింది, చేతిలోకి ఉమ్మితే పన్ను ముక్క. నాలుక వైపు గోడ మొత్తం విరిగిపోయింది.

ఎందుకలా అయిందో డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించారు. రూట్ కెనాల్ అయిన పన్నులో పుచ్చినదంతా తీసేస్తారు. నరం దగ్గరికి వెళ్లడానికి పైనుంచి గొయ్యి కూడా చేస్తారు. ఇక చుట్టూ పల్చటి గోడలే మిగులుతాయి. మనం నమిలే ప్రతిసారీ ఆ గోడలు బయటికి విచ్చుకోవాలని చూస్తాయి. లోపల నింపిన ఫిల్లింగ్ గొయ్యిని పూడుస్తుందే గానీ గోడల్ని పట్టి ఉంచదు. బండి చక్రానికి ఇనప పట్టా ఉన్నట్టు, చుట్టూ బిగించి పట్టే పని క్యాప్‌ది. విరిగిన గీత చిగురుకి కాస్త పైనే ఆగింది కాబట్టి పన్ను దక్కిందన్నారు. బాగా లోతుకి దిగి ఉంటే పీకడం తప్ప దారి లేదట. అది విన్నాక కుర్చీలో నా చేతులు చల్లబడ్డాయి. ముందే వచ్చి ఉంటే క్యాప్ ఒక్కటే సరిపోయేది. ఆలస్యం వల్ల వేరులోకి పోస్ట్ అనే సన్నటి కడ్డీ దించి, దాని చుట్టూ గట్టి ఫిల్లింగ్‌తో మొద్దులాగా కట్టాల్సొచ్చింది. దానికి ఇంకో 1,500.

క్యాప్ పట్టాలంటే పన్నుని అరగదీస్తారు. పైన ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు, చుట్టూ ఒక మిల్లీమీటరు పైన. అరగదీసేటప్పుడు వచ్చే మాడు వాసనకి చాలామందికి భయం వేస్తుంది. నాకు అది తెలిసిన వాసనే. మా ఊరు కొమ్ము బొమ్మలకి పేరు. చిన్నప్పుడు మా మావయ్య గేదె కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చేసేవారు. ఆకురాయి పడితే గదంతా అదే మాడు వాసన. రెండు ముక్కలు అతికించాక ఆయన కళ్లతో చూసేవారు కాదు, గోరుతో అతుకు మీద గీసేవారు. గోరు ఎక్కడైనా తట్టుకుంటే మళ్లీ ఆకురాయే. క్యాప్ పెట్టి చూసిన రోజు డాక్టరమ్మ సన్నటి కొక్కెం లాంటి పరికరంతో చిగురు దగ్గర క్యాప్ అంచు మీద చుట్టూ గీస్తుంటే నాకు మావయ్య గోరే గుర్తొచ్చింది. తర్వాత పదేళ్లలో తెలిసింది ఏమిటంటే, క్యాప్ మంచిచెడ్డలు ఎక్కువగా ఆ అంచు దగ్గరే తేలతాయి. క్యాప్ పుచ్చదు. క్యాప్‌కీ పన్నుకీ మధ్య అతుకు దగ్గర తిండి నిలిస్తే, కింద మిగిలిన మన పన్ను పుచ్చుతుంది. నరం తీసేశారు కాబట్టి నొప్పి కూడా తెలియదు.

కొలత కోసం నోట్లో ముద్ద పెట్టినప్పుడు వాంతి వచ్చేలా ఉంటుంది. తల కాస్త ముందుకి వంచి, ముక్కుతో గాలి పీల్చుకుంటే తట్టుకోవచ్చు. ఆ కొలతలు విశాఖపట్నం ల్యాబ్‌కి వెళ్లి, క్యాప్ తయారై రావడానికి పది రోజులు పట్టింది. ఈలోగా వేసిన తాత్కాలిక క్యాప్ ఒకసారి ఊడింది. వెంటనే వెళ్లి పెట్టించుకోండి, లేకపోతే పక్క పళ్లు జరిగి అసలు క్యాప్ పట్టకుండా పోవచ్చు.

ఇక బిగించిన రోజు సంగతి. పళ్ల మధ్య నీలం రంగు కాగితం పెట్టి "ధీరె కాముడంతు" అంటారు, మెల్లగా కొరకండి అని. ఎక్కడ రంగు గట్టిగా అంటితే అక్కడ ఎత్తు ఉన్నట్టు. నాకు చిగురుకి మత్తు ఇచ్చి ఉండటంతో సరిగ్గా కొరికానో లేదో నాకే తెలియలేదు, "బాగానే ఉంది" అనేశాను. ఇంటికొచ్చి మత్తు దిగాక చూస్తే అన్నిటికంటే ముందు ఆ పన్నే తగులుతోంది. అదే అలవాటవుతుందని పది రోజులు ఓర్చుకున్నాను. ఆఖరికి అన్నం నమిలినా నొప్పి. నరం తీసేసిన పన్నుకి నొప్పేమిటని టెన్షన్ పడ్డాను. నరం లేకపోయినా వేరు చుట్టూ ఎముకతో కలిపి ఉంచే పొర ఉంటుందట, ఒత్తిడి పడితే అది నొప్పెడుతుంది. డాక్టరమ్మ రెండు నిమిషాలు అరగదీశారు, మూడో రోజుకి తగ్గింది. వెంట్రుకవాసి ఎత్తున్నా వదిలేయకండి. మత్తు పూర్తిగా దిగాక, లేచి కూర్చుని, రెండు వైపులా కొరికి చూసి, తేడా అనిపిస్తే మర్నాడే వెళ్లండి.

ఆ క్యాప్‌లో ఇంకో లోపం కూడా ఉంది. పక్క పన్నుకి గట్టిగా ఆనలేదు. ఆ సందులో మాంసం పీచు, తోటకూర కాడ ఇరుక్కునేవి. పుల్లతో గుచ్చి గుచ్చి చిగురు వాచేది. అప్పుడే మార్పించమని అడగాల్సింది, నాకు తెలియలేదు. సందుల్లో తోమే చిన్న బ్రష్ వాడటం మొదలుపెట్టాక చిగురు కుదుటపడింది. రాత్రి పడుకునే ముందు ఆ బ్రష్ వాడకుండా నేను నిద్రపోను.

మూడో ఏట నాలుక వైపు పోర్సిలిన్ కొంచెం లేచిపోయి లోపలి లోహం కనిపించింది. నమలడానికి ఇబ్బంది లేదు, పదును తగలకుండా నున్నగా చేసి వదిలేశారు. 2019లో పలాస నుంచి తెచ్చిన జీడిపప్పు పాకం తింటుంటే క్యాప్ మొత్తం ఊడి పాకంతో పాటు చేతిలోకి వచ్చేసింది. ఇంట్లో ఫెవిక్విక్ ఉంది కదా అన్నారు ఒకరు. ఆ పని ఎప్పుడూ చేయకండి. చిగురు కాలుతుంది, క్యాప్ వంకరగా అతుక్కుంటే తర్వాత పన్నుకే ఎసరు. నేను కడిగి చిన్న డబ్బాలో వేసుకుని మర్నాడు తీసుకెళ్లాను. కింద పన్ను పుచ్చలేదని చూసి, పాత సిమెంటు గోకి, మళ్లీ అతికించారు. మూడు వందలు తీసుకున్నారు. ఆ తర్వాత మళ్లీ ఊడలేదు. అయిదేళ్లు దాటాక చిగురు కాస్త దిగి, అంచు దగ్గర నల్లటి గీత కనబడుతోంది. అది లోపలి లోహం. వెనక పన్ను కాబట్టి నేను పట్టించుకోలేదు. నవ్వితే కనబడే పన్నుకైతే ఆ రకం వేయించుకోమని నేను చెప్పను.

రెండో పన్ను దగ్గర ఆ తప్పు మళ్లీ చేయలేదు. 2021లో రూట్ కెనాల్ అయిన పన్నెండో రోజుకే క్యాప్ పడింది. పోస్ట్ అక్కర్లేదన్నారు, గోడలు నాలుగూ నిలిచే ఉన్నాయి. జిర్కోనియాలో లోహం ఉండదు, మొత్తం ఒకటే తెల్లటి పదార్థం. పైనుంచి లేచిపోయే పొర లేదు కాబట్టి పెచ్చులూడే బెడద తక్కువ. రంగు చూసేటప్పుడు కిటికీ దగ్గరికి వెళ్దామని నేనే అడిగాను. పళ్ల రంగులకి ఏ2, ఏ3 అని నంబర్లుంటాయి. ట్యూబ్‌లైట్ కింద ఏ2 అనిపించింది పగటి వెలుగులో చూస్తే తెల్లగా ఎత్తి కనబడింది, కాస్త ముదురుగా ఉండే ఏ3 సరిపోయింది. సిమెంటు పెట్టకముందే రెండు పక్కలా దారం దూర్చి చూడమన్నాను. దారం బిగుతుగా, టప్‌మని దిగాలి. ఊరికే జారిపోతే సందు ఉన్నట్టే. సిమెంటు పడ్డాక దాన్ని సరిచేయడం కష్టం, అంతకు ముందైతే ల్యాబ్‌కి తిప్పి పంపొచ్చు. ఆ క్యాప్‌తో ఇప్పటిదాకా నాకు ఒక్క ఇబ్బంది రాలేదు.

అయినా డబ్బు లేనివాళ్లు జిర్కోనియా కోసం ఆగాలని నేను అనను. మా లోహం క్యాప్ ఇన్ని తిప్పలతోనూ పదేళ్లు పనిచేసింది. ఆగితే విరిగే పన్ను తిరిగి రాదు. ప్రభుత్వ డెంటల్ కాలేజీలో ఖర్చు తగ్గుతుంది గానీ, మన రాష్ట్రంలో అదంటే కటక్ ఎస్‌సీబీయే. కొలతకోసారి, బిగించడానికోసారి ఇక్కడినుంచి అంత దూరం వెళ్లి రావడం అందరికీ కుదిరే పని కాదు. మా ఊరి క్లినిక్‌లో రెండు వాయిదాల్లో కట్టనిచ్చారు, అడగడానికి మొహమాటపడకండి.

మొన్న పండక్కి ముందు చూపించుకుంటే, పాత క్యాప్ అంచు దగ్గర కొక్కెం ఒకచోట తట్టుకుంది. ఎక్స్‌రేలో చిన్న మచ్చ. ఇంకా లోతుకి పోలేదు, ఈ చలికాలంలో క్యాప్ కోసి తీసి, శుభ్రం చేసి కొత్తది వేద్దామన్నారు. ఒప్పుకున్నాను.

అదే రోజు మా వదిన కూడా వచ్చింది. తనకి గత వారమే రూట్ కెనాల్ పూర్తయింది. "ఇప్పుడు నొప్పేం లేదు కదా మరిదీ, సంక్రాంతి వెళ్లాక చూద్దాంలే" అంది. విరిగిన నా పన్ను ముక్క ఇంకా బీరువాలో చిన్న డబ్బాలో ఉంది. ఇంటికి తీసుకొచ్చి అది చూపించాను. చాలాసేపు చేతిలో పెట్టుకుని చూసింది. గురువారం పదకొండు గంటలకి కొలతలిద్దామని డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను, బండి మీద నేనే తీసుకెళ్తున్నాను.